సరదాకి సినిమా చూసేవాడి అభిప్రాయానికి విలువ ఉందా? ప్రొజెక్టర్ గదిలో ముప్పై ఏళ్లు నిలబడ్డవాడి జవాబు

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు చెబుతాను. మీది వైజాగ్‌లో గాజువాక, పరవాడలో ఫ్యాక్టరీ ఉద్యోగం. వారానికో సినిమా చూస్తారు, రాత్రి భోజనం చేస్తూ ఏదో ఒక సిరీస్ పెట్టుకుంటారు. ఈ మధ్య ఒక పెద్ద హీరో సినిమా చూసొచ్చి "ఫస్టాఫ్ బాగుంది, ఇంటర్వెల్ తర్వాత జైలు సీన్ల దగ్గర నుంచి నాకు ఎక్కలేదు" అని రెండు ముక్కలు రాశారు. అభిమానులు మీద పడ్డారు. "నీకేం తెలుసు సినిమా గురించి" అన్నారు. ఇంట్లో మీ అమ్మగారు చూసే సీరియల్ మీకు చిరాకు, మీరు చూసే సిరీస్ చూసి ఆవిడ "ఆ చీకట్లో నీకేటి కనబడతాది బాబూ" అంటారు. ఇలా ఊరికే చూసే మనిషికి అభిప్రాయం చెప్పే అర్హత ఉందా, ఉంటే ఎలా చెప్పాలి, రేటింగులని ఎంతవరకు నమ్మాలి అన్నది మీ ప్రశ్న.

నేను విమర్శలు రాసేవాణ్ణి కాను. 1983 నుంచి 2014 దాకా వైజాగ్‌లో రెండు హాళ్లలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఆ ఉద్యోగంలో సినిమా కన్నా సినిమా చూసేవాళ్లనే ఎక్కువ చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీకు అర్హత ఉంది. మీరు రాసిన ఆ రెండు ముక్కల్లో ఒకటి చాలా మంచి అభిప్రాయం కూడా. అది ఎందుకు మంచిదో చెప్పాలంటే మా గదిలోంచి హాలు ఎలా కనబడేదో చెప్పాలి.

రీళ్ల కాలంలో తెలుగు సినిమా అంటే పద్నాలుగు పదిహేను రీళ్లు. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, అంటే పదకొండు నిమిషాలు. రెండేసి రీళ్లు కలిపి ఒక పెద్ద చక్రానికి చుట్టుకుని రెండు మెషిన్ల మీద మార్చి మార్చి నడిపేవాళ్లం. రీలు అయిపోతుందనగా తెర కుడివైపు పై మూలలో ఒక చిన్న చుక్క మెరుస్తుంది. అది కనబడగానే రెండో మెషిన్ మోటారు వేస్తాం. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క పడుతుంది, అప్పుడు మారుస్తాం. చూసేవాళ్లకి తెలియకుండా మారిస్తే పనిమంతుడు. ఈ మధ్యలో దీపం వెలిగే కార్బన్ కడ్డీలు కాలి పొట్టివవుతుంటాయి, వాటిని దగ్గరకి జరుపుతుండాలి. ఆ పని చేస్తూనే చిన్న గాజు కిటికీలోంచి హాల్లోకి చూస్తూ నిలబడతాం.

అక్కడి నుంచి మనుషుల ముఖాలు కనబడవు, తలల వెనకభాగాలే కనబడతాయి. కానీ ఎవరైనా లేచి బయటకి వెళ్తే తలుపుకి కట్టిన తెర పక్కకి తొలుగుతుంది, బయట వరండాలోని వెలుగు ఒక చారలా హాల్లో పడుతుంది, మళ్లీ మూసుకుంటుంది. నేను ఆ చారలు లెక్కపెట్టేవాణ్ణి. మొదట్లో ఊసుపోక చేసినా, తర్వాత అదే నాకు సినిమా చదువు అయింది. ఫలానా పాటకి నలభై చారలు. ఫలానా కామెడీకి మూడు. ఒక సినిమాలో హీరో చెల్లెలు ఉత్తరం చదివే సీను ఉంది. పెద్దగా మాటలు లేవు, ఫైటు లేదు, పాట లేదు. మూడు వారాలు ఆడిందా సినిమా, రోజుకి నాలుగు ఆటలు. ఆ సీనులో చార పడిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బయట మాత్రం ఎవరిని అడిగినా "ఫైట్లు బాగున్నాయి" అనేవారు. నోరు ఒకటి చెబుతుంది, కాళ్లు ఇంకోటి చెబుతాయి. నేను కాళ్లని నమ్మడం నేర్చుకున్నాను.

అందుకే మీరు రాసిన దాంట్లో "జైలు సీన్ల దగ్గర నుంచి" అన్నమాట నాకు నచ్చింది. ఆ మాటతో మీకు ఎక్కడ పట్టు తప్పిందో చెప్పారు. "సెకండాఫ్ ల్యాగ్", "స్క్రీన్‌ప్లే వీక్", "టెక్నికల్‌గా బ్రిలియంట్" లాంటివి ఎవరో రాసిన మాటలు, మనం చదివి మళ్లీ అప్పజెబుతాం. వాటితో ఎవరైనా వాదించొచ్చు. ఇక్కడి దాకా కుదురుగా కూర్చున్నాను, ఇక్కడ వాచీ చూసుకున్నాను అంటే దానితో ఎవరు వాదిస్తారు? అది మీకు జరిగింది. తీర్పు చెప్పడానికి చదువు కావాలేమో, సాక్ష్యం చెప్పడానికి అక్కడ ఉంటే చాలు.

అలాంటి సాక్ష్యాన్ని వ్యాపారం చేసేవాళ్లు ఎంత గట్టిగా పట్టించుకునేవాళ్లో నా కళ్లతో చూశాను. ఒక సినిమా రెండో వారంలో పంపిణీదారు తరఫు మనిషి మా గదికి వచ్చి, సెకండాఫ్‌లో ఫలానా పాటకి జనం లేచిపోతున్నారట కదా అని అడిగాడు. చారల లెక్క చెప్పాను. మర్నాటి నుంచి ఆ పాట తీసేయమన్నాడు. కత్తెరతో కోసి, రెండు కొసలూ గీకి, సిమెంటు అని పిలిచే ఫిల్మ్ జిగురు రాసి అతికించాను. ఆ పాట ముక్కని ఒక రేకు డబ్బాలో పెట్టి పైన చీటీ అంటించాను, ప్రింటు వెనక్కి పంపేటప్పుడు మళ్లీ అతికించి ఇవ్వాలి గనక. సెన్సారైన సినిమాని హాల్లో అలా కోయడం తప్పే, అది ఒప్పని నేను అనను. ఆ పాటని తీయించింది మాత్రం ఏ విమర్శకుడూ కాదు, బీడీకని లేచిన మామూలు మనుషులు. ఈ రోజుల్లో సినిమా విడుదలయ్యాక పది నిమిషాలు ట్రిమ్ చేశాం అని వాళ్లే ప్రకటించుకుంటున్నారు.

సినిమాని నిలబెట్టిందీ ఆ మామూలు మనుషులే. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో వచ్చింది, అప్పటికి నేను ఉద్యోగంలో చేరలేదు. స్టార్ హీరో లేడు. ప్రధాన పాత్ర వేసిన జె.వి.సోమయాజులు గారు రెవెన్యూ శాఖ ఉద్యోగి, నాటకాల మనిషి. మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉన్నాయి. తర్వాత నోటిమాట మీద నిండాయి. ఆ నోటిమాట అన్నవాళ్లలో సంగీతం తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? మా వీధిలో వెళ్లొచ్చిన ఒక పిన్నిగారికి రాగం పేరు ఒక్కటీ తెలియదు. "ఆ ముసలాయన్ని చూస్తే మా నాన్న గుర్తొచ్చాడే" అంది. వీధిలో ఆడవాళ్లందరినీ థియేటర్‌కి తీసుకెళ్లింది ఆ ఒక్క మాటే.

మన ఊళ్లో, భీమిలిలో తీసిన 'మరో చరిత్ర' ఇంకో ఉదాహరణ. 1978లో, రంగుల సినిమాలు మామూలైపోయిన రోజుల్లో, బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చింది. మద్రాసులో డబ్బింగ్ లేకుండా తెలుగులోనే ఏడాదికి పైగా ఆడింది. అక్కడ చూసినవాళ్లలో సగం మాటలు అర్థం కానివాళ్లు ఎందరో ఉండి ఉంటారు. మాట తెలియకపోయినా వాళ్లకి ఏదో అందింది కదా. అలాంటప్పుడు "నీకు తెలియదు" అని మిమ్మల్ని ఎవరూ నోరు మూయించలేరు.

అయితే సాక్షి ఒక సంగతి దాచకూడదు. తను ఎక్కడ కూర్చుని, ఏ పరిస్థితిలో చూశాడన్నది కూడా చెప్పాలి.

మా హాలుకి రాత్రి సీ షిఫ్ట్ దిగి మార్నింగ్ షోకి వచ్చే స్టీల్ ప్లాంట్ వాళ్లు ఉండేవారు. కొందరు ఫ్యాన్ కింద సీటు చూసుకుని, పేర్లు పడేలోపే నిద్రపోయేవారు. వాళ్లు బయటకొచ్చి "బోరు సినిమా" అంటే సినిమా తప్పు ఉందా? తప్పు మా వైపు ఉన్న రోజులు కూడా ఉన్నాయి. నేను పనిచేసిన ఒక హాల్లో యజమాని కార్బన్ ఖర్చు తగ్గించడానికి దీపం తక్కువ కరెంటు మీద నడపమనేవాడు. పగటి సీన్లు ఎలాగో గట్టెక్కేవి, రాత్రి సీన్లు వస్తే తెర మీద మసి పూసినట్టుండేది. అదే వారంలో అదే సినిమా ఇంకో హాల్లో చూసినవాళ్లు ఫోటోగ్రఫీ అద్భుతం అనేవారు. మా దగ్గర చూసినవాళ్లు ఏం కనబడలేదు అనేవారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆ ఏడాది మా హాల్లో చీకటి సినిమాలన్నీ ఫ్లాపులే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఒక కెమెరామన్ రాత్రంతా నిలబడి పెట్టుకున్న లైటింగుని ఒక కడ్డీ ముక్క కోసం మేం ఆర్పేశాం.

ఇప్పుడు ప్రతి ఇల్లూ ఒక హాలే, ప్రతి ఇంట్లోనూ ఆపరేటర్ ఎవరో ఒకరు. కాబట్టి మీ అమ్మగారి మాటని తేలిగ్గా తీసుకోకండి. "చీకట్లో ఏటి కనబడతాది" అన్నది సరైన ఫిర్యాదే. మీ టీవీ సెట్టింగుల్లోకి వెళ్లి పవర్ సేవింగ్ లేదా ఎకో మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి, అది తెర వెలుగుని బాగా తగ్గిస్తుంది. చూసేటప్పుడు టీవీకి ఎదురుగా ఉన్న ట్యూబ్‌లైట్ ఆర్పండి.

రెండోది, మోషన్ అని ఒక సెట్టింగు ఉంటుంది. ఎల్‌జీ వాళ్లు ట్రూమోషన్ అంటారు, సోనీ వాళ్లు మోషన్‌ఫ్లో అంటారు, పేరేదైనా పని ఒకటే. సినిమా సెకనుకి 24 బొమ్మలతో తీస్తారు. టీవీ ఆ బొమ్మల మధ్యలో తనే కొన్ని కొత్త బొమ్మలు కల్పించి ఇరికిస్తుంది. దాంతో కోట్లు పెట్టి తీసిన సినిమా మధ్యాహ్నం సీరియల్‌లా నున్నగా జారిపోతూ కనబడుతుంది. మా బావమరిది ఒక పెద్ద సినిమా చూసి "సీరియల్‌లా తీశాడేంటి" అన్నాడు. వాళ్లింటికెళ్లి ఆ సెట్టింగు ఆపి మళ్లీ చూపించాను. పది నిమిషాలు మాట్లాడకుండా చూసి, "వేరే ప్రింటా ఇది?" అన్నాడు. కొన్ని టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే ఈ పని దానంతటదే అయిపోతుంది.

మాటలు వినబడటం లేదన్నది ఇంకో సమస్య. ఓటీటీలో చాలా సినిమాలు 5.1 సౌండ్‌తో, అంటే ఆరు స్పీకర్లకి విడదీసిన శబ్దంతో వస్తాయి. అందులో మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. మామూలు టీవీలో ఆ స్పీకరే ఉండదు, అన్నీ కలిపి రెండు చిన్న స్పీకర్లలోకి తోస్తే మ్యూజిక్ కింద మాటలు నలిగిపోతాయి. ఆడియోలో స్టీరియో అని కనబడితే అది ఎంచుకోండి. "హీరోయిన్ ఏం గొణిగిందో తెలియలేదు" అని రాసేముందు ఇది ఒకసారి సరిచూసుకుంటే ఆ అమ్మాయికి అన్యాయం జరగదు.

ఫోన్‌లో చూశారా, బస్సులో చూశారా, స్పీడు పెంచి చూశారా, ఇరవై నిమిషాలు చూసి వదిలేశారా? ఏదైనా తప్పు లేదు. ఇరవై నిమిషాల్లో వదిలేశాను అని చెప్పండి, అది కూడా అభిప్రాయమే. వదిలేసినదాన్ని మొత్తం చూసినట్టు రాయడమే నాకు నచ్చదు.

సీరియళ్ల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఇందులో నా తప్పు ఒకటి ఉంది.

సినిమా హాల్లో పెరిగినవాణ్ణి కాబట్టి టీవీ అంటే నాకు మొదటి నుంచి చిన్నచూపు. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఆదివారం మార్నింగ్ షోకి జనం పలచబడ్డారు, ఆ కోపం కొంత ఉంది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక మా ఇంట్లో సాయంత్రాలు సీరియళ్లే. మా ఆవిడ చూస్తుంటే పక్కన కూర్చుని వెటకారం చేసేవాణ్ణి. ఒక ముఖాన్ని మూడుసార్లు చూపిస్తారేంటి, ప్రతి మాటకీ ఆ ఉరుము చప్పుడేంటి, నిన్న జరిగింది ఇవాళ మళ్లీ చెబుతారేంటి అని. ఒకరోజు వంటింట్లోకి వెళ్లి చూస్తే ఆవిడ గోరుచిక్కుడు కాయలు ఈనెలు తీస్తోంది. టీవీ ముందు గదిలో ఉంది. వంటింట్లోంచి తెర కనబడదు. ఆవిడ సీరియల్ 'చూడటం' లేదు, వింటోంది. ఉరుము చప్పుడు వినబడగానే చేతిలో కాయ అలాగే పట్టుకుని గుమ్మం దాకా వచ్చి తొంగి చూసింది. సరిగ్గా అప్పుడే ఆ ముఖాన్ని మూడోసారి చూపిస్తున్నారు. ఆవిడ చూసి, వెనక్కి వెళ్లి, మళ్లీ కాయలు తీసుకుంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ మూడుసార్లు చూపించేది సోఫాలో కూర్చున్న నాకోసం కాదు, వంటింట్లోంచి గుమ్మం దాకా నడిచొచ్చే మనిషి కోసం! ఆ రెండు మూడు సెకన్లు ఆవిడ నడకకి పడుతుంది. మాటల్లో అన్నీ విడమరిచి చెప్పేదీ, నిన్నటి కథ మళ్లీ చెప్పేదీ తెర చూడకుండా వినేవాళ్ల కోసం, నిన్న కరెంటు పోయినవాళ్ల కోసం. ఇంటి పని మధ్యలో కథ వినే మనిషికి అది అంత చక్కగా అమరుతుంది. నేను పదేళ్లు వెటకారం చేసింది నాకు అర్థం కాని పనితనాన్ని. ఆవిడకి ఆ రాత్రే చెప్పాను.

అన్ని సీరియళ్లూ గొప్పవని చెప్పడం లేదు. కోడలు ఎంత ఏడిస్తే అంత మంచిదన్నట్టు రాసేవి, ఏడాదికి పూర్తయ్యే కథని అయిదేళ్లు లాగేవి నాకు ఇప్పటికీ నచ్చవు. లాగడానికి కారణం రేటింగ్. బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెడుతుంది. ఛానల్ సౌండ్‌లో మన చెవికి తెలియని ఒక గుర్తు కలిపి ఉంటుంది, దాన్నిబట్టి ఏ ఛానల్ నడుస్తోందో మీటరు పసిగడుతుంది. వారం వారం అంకెలు వస్తాయి. అంకె బాగున్నంతకాలం కథ ముగించరు. ఆ మీటరు టీవీ నడుస్తోందనీ, ఇంట్లో ఎవరు చూస్తున్నామని బటన్ నొక్కారనీ చెబుతుంది. ఆ మనిషికి కథ నచ్చిందో లేదో దానికి తెలియదు. మీ అమ్మగారిని కూర్చోబెట్టి, "ఇందులో ఎవరు బాగా చేస్తున్నారమ్మా, ఎక్కడ విసుగొచ్చింది" అని అడిగి చూడండి. ఆ మీటరు చెప్పలేనిది ఆవిడ చెబుతారు. మా ఆవిడ ఒక సీరియల్ గురించి "ఆ అత్తగారు చీర మార్చినప్పుడల్లా గొంతు మార్చుతుంది, పాపం ఎవరూ చెప్పలేదు" అంది. నేను ఎన్నడూ గమనించలేదు.

రేటింగుల గురించి అడిగారు. ఒకటి రెండు సంగతులు తెలిస్తే చాలు. విమర్శకుల సమీక్షలు పోగుచేసే రాటెన్ టొమాటోస్ సైటులో 90 శాతం అని కనబడితే అది నూటికి తొంభై మార్కులు కాదు. పది సమీక్షల్లో తొమ్మిది బాగుందనే వైపు మొగ్గాయని అర్థం. పదిమందికీ ఓ మాదిరిగా నచ్చిన సినిమాకి నూరు శాతం రావచ్చు. ప్రేక్షకులు పదికి మార్కులు వేసే ఐఎండీబీ సైటులో అంకెని కాకుండా, ఏ మార్కు ఎంతమంది వేశారో చూపించే పట్టీలు చూడండి. మన పెద్ద హీరోల సినిమాలకి పదికి పది దగ్గర ఒక గుట్ట, ఒకటి దగ్గర ఒక గుట్ట ఉంటాయి. మొదటి గుట్ట ఆయన అభిమానులది, రెండోది అవతలి హీరో అభిమానులది. మధ్యలో ఆరు, ఏడు, ఎనిమిది వేసినవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లు రాసింది చదవండి. నేను అంతే చేస్తాను.

అభిమానుల మీద నాకు కోపం లేదు. మొదటి రోజు ఆట అయ్యాక హాల్లో కాగితం ముక్కలు మడమ లోతున ఉండేవి, ఊడ్చేవాళ్లకి గంట పట్టేది. తెర ముందు హారతి ఇస్తుంటే ఎక్కడ అంటుకుంటుందోనని నాకు టెన్షన్. అయినా ఆ ఈలల్లో నిలబడి మొదటి రీలు వేయడం నా జీవితంలో పెద్ద సంతోషాల్లో ఒకటి. వాళ్లు పండక్కి వస్తారు. పండగ రోజు "పులిహోరలో ఉప్పు తక్కువైంది" అంటే ఎవరికైనా కోపం వస్తుంది. మీరు మొదటి రోజు సాయంత్రమే రాశారు, అందుకే అంత తిట్లు. ఆ మాటే సోమవారం తర్వాత రాయండి. మేం సినిమా సంగతి సోమవారం మ్యాట్నీకే తెలుసుకునేవాళ్లం. ఆ ఆటకి వచ్చేవాడు ఎవరికోసమో రాడు, తనకోసం వస్తాడు. రాసేటప్పుడు హీరో పేరు పక్కన పెట్టి సీను పేరు చెప్పండి. "ఆయన బాగా చేయలేదు" కంటే "జైల్లో స్నేహితుడు చనిపోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు" మేలు. ఇంత చేసినా తిట్టేవాడు తిడతాడు. అతనికి జవాబు ఇవ్వకండి.

ఇంకొక్కటి, ఇది నన్ను చాలాకాలం వెంటాడింది. ఎనభైల్లో ఒక కామెడీ ట్రాక్ వచ్చింది, భర్త భార్యని కొడుతుంటాడు, దానికి జనం నవ్వాలి. నవ్వారు కూడా. నేనూ నవ్వాను. మా హాల్లో ఆడవాళ్ల సీట్లు వేరుగా, ఒక పక్కన ఉండేవి. నాలుగో రోజో అయిదో రోజో కిటికీ దగ్గర నిలబడితే తెలిసింది, ఆ నవ్వు హాలంతటి నుంచీ రావడం లేదు. మగవాళ్లు కూర్చున్న వైపు నుంచే వస్తోంది. అవతలి పక్క చప్పుడు లేదు. ఆ తర్వాత ప్రతి ఆటకీ అదే చోట చెవి పెట్టి విన్నాను. మూడు వారాల్లో ఒక్కసారి కూడా ఆ వైపు నుంచి నవ్వు రాలేదు. బయట టాక్ మాత్రం "కామెడీ అదిరింది". ఎవరి టాక్ అది? అందుకే మీలాంటి మామూలు ప్రేక్షకులు, మీ అమ్మగారిలాంటివాళ్లు నోరు తెరిచి చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను. చెప్పకపోతే నవ్వినవాళ్ల మాటే మిగులుతుంది.

చూసే మనిషి ఎక్కడివాడన్నది కూడా అభిప్రాయంలో భాగమే. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది. అందులో నటించినవాళ్లలో చాలామంది ఆ పేటవాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడినవాళ్లు కాదు. నేను కంచరపాలెంలోనే ఉంటాను. హైదరాబాద్‌లో మా అబ్బాయి స్నేహితులు ఆ సినిమా చూసి సహజత్వం గురించి చాలా మాట్లాడారు. నాకేమో పెళ్లి కాని ఆ నడివయసు అటెండరు తన కుర్చీలో కూర్చునే తీరు చూస్తే గొంతు పట్టేసింది, అలా కూర్చునేవాళ్లు మా వీధిలో ఇద్దరు ఉండేవారు. సాంకేతికంగా లోపాలు ఉన్నాయని ఒకరు రాశారు. ఉన్నాయి. నాకు కనబడ్డాయి కూడా. వాళ్ల అభిప్రాయం తప్పని అనను, నాది వాళ్లకి ఉండే వీల్లేదు. అలాగే మీరు పరవాడలో నైట్ డ్యూటీలు చేసినవాళ్లు. ఏదైనా సినిమాలో ఫ్యాక్టరీ సీను వస్తే అది నిజంగా ఉందో లేదో మీకు తెలిసినంతగా నాకు తెలియదు. అలాంటివి రాయండి, మేం చదువుతాం.

మీ ప్రశ్న చూశాక ఆ సినిమాకి నేను కూడా వెళ్లాను. సోమవారం మ్యాట్నీ, బాల్కనీలో చివరి వరుస, పాత అలవాటు. ఇప్పుడు తలుపుల దగ్గర వెలుగు చారలు పెద్దగా కనబడటం లేదు, లేచి వెళ్లే జనం తగ్గారు. దాని బదులు ఫోన్లు వెలుగుతున్నాయి. అంత చీకట్లో ఒక్కో తెర ఒక్కో చిన్న కిటికీలా వెలుగుతుంది, లెక్కపెట్టడం ఇంకా తేలిక. ఫస్టాఫ్‌లో కిందా పైనా కలిపి ఆరేడుకి మించలేదు. జైలు సీన్లు మొదలైన అయిదు నిమిషాల్లో ఇరవై మూడు లెక్కపెట్టాను, తర్వాత ఆపేశాను. మీరు చెప్పింది సరిగ్గా అక్కడే.

కానీ ఆ జైలు సీన్ల చివర, తల్లి ములాఖత్‌కి వచ్చి ఏం మాట్లాడకుండా టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టే సీను ఉంది కదా, అప్పుడు హాల్లో ఒక్క ఫోనూ వెలగలేదు. నా ముందు వరుసలో ఒకతను పాప్‌కార్న్ నోటి దాకా తీసుకెళ్లి ఆపేశాడు. మీరు ఆ సీను గురించి ఏమీ రాయలేదు. అప్పటికే విసిగిపోయి మీరూ ఫోన్ బయటకి తీశారా, లేక చూసినా మీకు ఏమీ అనిపించలేదా? వీలు చూసుకుని అది కూడా రాయండి.